గంటు పడిన చాకు

మా ఇంటాయన పోయాక ఆయన వస్తువుల్లో నేను ఉంచుకున్నది ఒక్కటే, వేలెడు పొడవున్న మడత చాకు. చొక్కాలు, పంచెలు అడిగినవాళ్లకు ఇచ్చేశాను. చాకు మాత్రం నా వక్కాకు సంచిలోకి చేరింది. ఆరేళ్లుగా అది లేకుండా నాకు పొద్దు గడవదు. వక్క తునకలు చేయాలన్నా, ఎరువు మూట కుట్టు విప్పాలన్నా, వేపపుల్ల చెక్కాలన్నా, చిప్పలోంచి కొబ్బరి పెరకాలన్నా, కాల్లో దిగిన తుమ్మముల్లు తీయాలన్నా అదే. ముల్లు తీసేముందు మొనను అగ్గిపుల్ల మంటలో కాస్త కాలుస్తాను. ఆ పద్ధతి ఆయన నేర్పిందే.

ఆయన పేరు హనుమంతరాయుడు. బతికుండగా ఆ చాకును ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పిడికి ఉన్న రంధ్రంలో సన్నటి ఇత్తడి గొలుసు వేసి మొలతాడుకు కట్టుకునేవాడు. నిద్రలో కూడా అది నడుముకే ఉండేది. వంకాయ కోసుకుంటానని నేను అడిగినా, "నీకు కత్తిపీట ఉండాది కదా, దీని మింద కన్నెందుకు?" అనేవాడు.

చాకు అంచుకు సరిగ్గా మధ్యలో నువ్వుగింజంత గంటు ఉంది. మా చేనులో బోరు వేసిన ఏడాది, స్టార్టరు పెట్టెలో తీగను కరెంటు ఆపకుండానే తెంపాడు. నిప్పురవ్వలు ఎగిరాయి. ఆయన రెండడుగులు వెనక్కి పోయి పడ్డాడు. చాకు ఇనుము అంతమేర కరిగిపోయింది. ఎన్నిసార్లు సానపట్టినా ఆ గంటు పోలేదు. అందుకే దానితో ఏది కోసినా, కోత మీద వెంట్రుకంత గీత ఒకటి ఉబ్బుగా మిగిలిపోతుంది.

ఆ గీతను నేను గమనించింది యాభై రెండో ఏట, పంచాయతీ ఆఫీసు వరండాలో. పద్మజ టీచరు అక్కడ సాయంత్రాలు మా ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేది. పదిమంది పెన్సిళ్లూ నేనే చెక్కేదాన్ని. ఒకరోజు టీచరు ఒక పెన్సిలును వెలుతురుకు పెట్టి చూసి నవ్వింది.

"నీకు సంతకం నేర్పేది ఎందుకమ్మా? పెన్సిలు పెన్సిలుకూ పెట్టేసినావు కదా!"

అందరితో పాటు నేనూ నవ్వాను.

ఈ ఏడు మృగశిర కార్తెలో మంచి వాన పడింది. తెల్లారి చూస్తే మిద్దె మీది నీళ్లు గోడవెంబడి కారి వృథాగా వీధిలోకి పోతున్నాయి. ఇంకో వాన వచ్చేలోగా ఆ నీళ్లను డ్రమ్ములోకి దించుకోవాలనిపించింది. పైపు కొనడం దేనికి, అటక మీద పాత పైపు ముక్కల సంచి ఉంది కదా అని దించాను.

ఆ సంచి గురించి చెప్పాలి. పదకొండేళ్ల కిందట మేము రెండెకరాల్లో చీనీ, అంటే బత్తాయి మొక్కలు పెట్టాం. డ్రిప్పు పైపులు వేశాం. ఒకరోజు పొద్దున మా ఆయన పరుగున ఇంటికి వచ్చాడు. పైపులన్నీ ఎవరో కోసేశారని గుండెలు బాదుకున్నాడు. నేను పోయి చూశాను. చేతిగాజంత మందం అంచున్న నల్లటి పెద్ద పైపును నలభై చోట్ల ఏటవాలుగా కోసి పెట్టారు. ఆ నెల్లోనే మొక్కలన్నీ ఎండిపోయాయి. గట్టు పక్క చేను బయ్యన్నది. రెండు నెలల ముందే ఆయన మా బోరుకు యాభై అడుగుల దూరంలో ఇంకా లోతుగా బోరు వేశాడు. ఆ విషయంలో ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. అందుకని ఊరంతా బయ్యన్న వైపే చూసింది.

బయ్యన్న కాదన్నాడు. ఆంజనేయస్వామి గుడిలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమని మా ఆయనే పట్టుబట్టాడు. బయ్యన్న వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో అదిమి ఆర్పి, నేను కోయలేదన్నాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ మరుసటి ఎండాకాలం బయ్యన్న బోరు ఎండిపోయింది. ఇంకేముంది, దొంగ ప్రమాణం చేసినందుకు స్వామి చూపించాడన్నారు. ఆ ఏడు మా చుట్టుపక్కల ఎండిన బోర్లు నలభైకి తక్కువ లేవు. వాటిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అప్పటివరకు మా ఊళ్లో వేరుశనగ విత్తనం మొదలుపెట్టేది బయ్యన్న చేయి. ఆయన చేతివాసి మంచిదని తాతల కాలం నుంచీ నమ్మకం. ఇప్పుడు విత్తేదంతా ట్రాక్టర్లే అయినా, మొదటి మూడు సాళ్లు ఎద్దులు లాగే విత్తనపు గొర్రుతో తోలాకే మిగతావాళ్లు చేలో దిగుతారు. బోరు ఎండాక ఆ గొర్రు ఆయన చేతిలోంచి తీసేశారు. ఆయన ఎద్దులను మాత్రం అడిగి తీసుకుపోయేవాళ్లు. ఆయనను రమ్మనేవాళ్లు కాదు.

ఆ కోసిన పైపు ముక్కలను పోలీసులకు చూపించడానికని మా ఆయన సంచిలో వేసి పెట్టాడు. పోలీసులు చూడనే లేదు. సంచి అటకెక్కింది.

అరుగు మీద కూర్చుని వక్క నములుతూ ఒక పొడుగు ముక్క తీశాను. రెండో ముక్కలో దూర్చాలంటే కొస ఏటవాలుగా ఉండాలి. చాకు తీసి కోశాను. కొత్తగా కోసిన కొసను పాత కొస పక్కన పెట్టి చూశాను.

రెండింటి మీదా ఒకే గీత.

నేను కోసిన దాని మీద ఉంది. పదకొండేళ్ల కిందటి దాని మీదా ఉంది. ఉబ్బుగా, వెంట్రుకంత. గోటితో తడిమాను. గోరు రెండుచోట్లా ఒకేలా తట్టుకుంది.

సంచి బోర్లించాను. ఒక్కో ముక్కా వెలుతురుకు పట్టి చూశాను. ఐదు, పది, పదిహేను. గీత లేని ముక్క ఒక్కటీ లేదు. నోట్లో వక్క నోట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే ఎవరో చెంప మీద కొట్టి, ఎందుకో చెప్పకుండా పోయినట్టుంది.

ఎవరైనా చాకు దొంగిలించి ఉంటారేమో అనుకున్నాను. మొలతాడుకు కట్టుకున్న చాకును ఎవరు దొంగిలిస్తారు? ఆ పొద్దు ఆయన ఇంటికి వచ్చి గుండెలు బాదుకుంటుంటే ఆ ఇత్తడి గొలుసు ఊగుతూనే ఉంది. నేను చూశాను.

అప్పుడు మోటారు గుర్తొచ్చింది. పైపులు కోయడానికి పది రోజుల ముందే మోటారు కాలిపోయిందన్నాడు. రిపేరై ఎప్పుడొస్తుందని అడిగితే రేపు, ఎల్లుండి అన్నాడు. మొక్కలు చచ్చాక దాన్ని అమ్మేశాడు. కాలిన మోటారును అంత తొందరగా ఎవరు కొన్నారని నేను అడగలేదు. మోటారు కాలలేదు. మా బోరే ఎండిపోయింది. ఆ పైపుల్లో అప్పటికే నీళ్లు లేవు. మొక్కలు అప్పటికే చస్తున్నాయి.

అంతకన్నా ఇంకో మాట నన్ను నిలవనీయలేదు. ఆ రోజు నేను బయ్యన్న గడప ముందు నిలబడి, వీధిలో మన్ను దోసిళ్లతో తీసి ఆయన భార్య లక్ష్మీదేవి వదిన మీద పోశాను. మీ బోర్లో నీళ్లకు మారు మన్ను రావాలన్నాను. మరుసటి ఏడు వచ్చింది. నా నోటి బలమే అనుకున్నాను. పదేళ్లు లోలోపల దానికి సంతోషపడ్డాను.

వీధిలో ఈశ్వరప్ప గొంతు వినిపించింది. ఆయన మా ఊరి పెద్ద. "పది గంటలకు గొర్రు పూజప్పా, అందరూ రావాల!" అని చెప్పుకుంటూ పోతున్నాడు.

చాకూ, రెండు పైపు ముక్కలూ కొంగులో కట్టుకుని బయ్యన్న ఇంటికి నడిచాను. పదకొండేళ్లుగా ఆ వీధిలో నేను తల తిప్పుకునే పోయాను. బయ్యన్న అరుగు మీద పలుపుతాడు పేనుతున్నాడు. లక్ష్మీదేవి వదిన వాకిట్లో ఎద్దులకు పసుపు రాస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఏం సుబ్బమ్మా, దోవ తప్పినావా? మన్ను కావాలంటే మీ ఇంటికాడ లేదా?"

కొంగు విప్పి రెండు ముక్కలూ అరుగు మీద పెట్టాను. చాకు తెరిచి పక్కన పెట్టాను. గీతలు చూపించాను. "వదినా, మా ఆయప్పే కోసినాడు. ఇప్పుడు చూస్తి" అన్నాను.

ఇద్దరూ ఉలిక్కిపడతారనుకున్నాను. వదిన కనీసం వంగి చూడలేదు.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆ పొద్దే తెలుసు. గట్టు మింద కోసిన పైపు చూస్తిమి. మా ఎద్దుల కాడికి చీలలు చెక్కిచ్చింది ఎవురు? మీ ఆయప్ప కాదా? చూడు, ఆడుండాది కాడి." గోడకు ఆనించిన కాడి వైపు చెయ్యి చూపించింది. పోయి చూశాను. నాలుగు చీలల మీదా నాలుగు గీతలు. చేతుల రాపిడికి నున్నగా అయినా ఇంకా కనిపిస్తున్నాయి.

అక్కడే నేల మీద కూర్చున్నాను.

"మరి ఎందుకు చెప్పలేదన్నా?" అని బయ్యన్నను అడిగాను. "గుళ్లో అంతమంది ముందర చెప్పలేదేం?"

బయ్యన్న తాడు పేనడం ఆపలేదు. "నువ్వు కోసినావా లేదా అనడిగినారు. లేదంటి. ఎవురు కోసినారని ఎవురూ అడగలేదమ్మా."

"ఈయన తెలివి చూడు!" అని వదిన మండిపడింది. "నేను చెప్తానంటే నోరు నొక్కినాడు. వాని బోరు పాయ, చెట్లు పాయ, మర్యాద గూడా పెరికేది ఎందుకని. నీళ్లు లేక ఎండినాయంటే ఊరోళ్లు అయ్యో అంటారంట. అది ఓర్చుకోలేక పగోడు కోసినాడని చెప్పుకున్నాడంట మీ ఆయప్ప. అంత అర్థం చేసుకున్నాడు ఈ మహానుభావుడు."

"బోరు పోయిన మంటేందో నాకూ తెలిసె కదా, మరుసటేడు" అన్నాడు బయ్యన్న.

"ఈయన మంచోడు సుబ్బమ్మా. నేను కాదు" అంది వదిన. "నువ్వు పోసిన మన్ను ఇంకా నా కండ్లలోనే ఉండాది. ఒక మాట అడుగుతా. ఆ పొద్దే నేను చెప్పింటే నమ్ముతాంటివా?"

నమ్మేదాన్ని కాదు. ఇంకో దోసెడు పోసేదాన్ని. అదే చెప్పాను.

"అయితే ఈడ ఏడ్చి ఏం లాభం? ఎద్దులు తోలుకుపోతాండారు. నీకు తెలిసింది ఆడ చెప్పు."

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. హనుమంతరాయుడంటే పగవాని చేతిలో నష్టపోయిన మనిషని ఊరు జాలిపడింది. నన్నూ ఆయన భార్యగానే గౌరవించింది. ఆ గౌరవం పది గంటలకు పోతుంది. చెప్పకపోతే బయ్యన్న ఎద్దులు పోతాయి, బయ్యన్న అరుగు మీదే ఉంటాడు. లేచాను. "రాన్నా" అన్నాను. ఆయన కదల్లేదు. వదిన తాడు లాక్కుని మూలకు విసిరింది. "లెయ్!" అంది.

చేను దగ్గర గొర్రుకు పసుపు, కుంకుమ పెట్టి ఉంది. ముప్ఫైమంది దాకా ఉన్నారు. ఈశ్వరప్ప కొబ్బరికాయ చేతిలో పట్టుకున్నాడు. బయ్యన్నను చూసి మొహం ముడుచుకున్నాడు. నేను ముందుకు పోయి, పాత ముక్కను ఆయన చేతిలో పెట్టాను. అందరూ చూస్తుండగా రెండో ముక్కను చాకుతో కోసి, అదీ పెట్టాను.

"ఇది మా ఆయప్ప చాకు. పదకొండేండ్ల కిందట పైపులు కోసింది ఇదే. బయ్యన్న కాదు. ప్రమాణం నిజం."

ఈశ్వరప్ప కొసలను గోటితో తడిమి, మళ్లీ తడిమాడు. చీనీ తోటలు నరికి తీర్చుకున్న పగలు ఎన్నో చూసిన మనిషి.

"చచ్చినోని మీద ఇట్లా చెప్తావేమమ్మా? కట్టుకున్నోడు కదా!"

"కట్టుకున్నదాన్ని గాబట్టే చెప్తాండా. ఇంగెవురు చెప్పల్ల?"

"మరి బయ్యన్న బోరు ఎండె కదా?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

"నీది ఎండలేదా?" అంది లక్ష్మీదేవి వదిన, వెనక్కి తిరగకుండానే. "నువ్వేం దొంగ ప్రమాణం చేసినావు?"

ఈశ్వరప్ప కొబ్బరికాయను కొట్టకుండానే కింద పెట్టాడు. తర్వాత గొర్రు దగ్గర నుంచి పక్కకు జరిగాడు. రమ్మని పిలవలేదు, క్షమించమనలేదు. జరిగాడు, అంతే. బయ్యన్న కండువా తలకు చుట్టుకుని పోయి మేడి పట్టుకున్నాడు. కర్పూరం ఆర్పిన చెయ్యి అది. అరచేతిలో మచ్చ ఇంకా ఉంది. ఇంతకాలం నేను దాన్ని దూరం నుంచి చూసి, తగిన శాస్తి అనుకున్నాను.

గొర్రు వెంట నడుస్తూ జడ్డిగం అనే చెక్కగిన్నెలో విత్తనం పోసేది ఆడవాళ్లు. వదిన కొంగు బిగించింది. విత్తనం మూట కుట్టు గట్టిగా ఉంది. పళ్లతో లాగింది, రాలేదు. నా వైపు చూసింది.

చాకును మడిచి, వంగి, ఆమె కాళ్ల ముందు మట్టి మీద పెట్టాను. కత్తి చేతి నుంచి చేతికి ఇస్తే పగ వస్తుందని మా వైపు నమ్మకం. పెట్టాలి, వాళ్లు తీసుకోవాలి.

వదిన వంగలేదు. చెయ్యి చాపింది.

"చేతికే ఇయ్యి. ఇంగ కొత్తగా ఏం పగ వస్తాది?"

తీసి ఆమె చేతికి ఇచ్చాను. ఆమె కుట్టు తెంపింది. దారం కొస మీద గీత పడిందో లేదో నేను చూడలేదు. బయ్యన్న ఎద్దులను అదిలించాడు. వదిన నా చాకు తిరిగి ఇవ్వకుండా, తన రొంటిన దోపుకుని గొర్రు వెంట నడిచింది.