పిండి పడిన బీరు

సీసాలు కడగడం అయ్యేసరికి మంగాదేవి వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. లోపల బ్రష్షు తిప్పడం, మందునీళ్ళతో తొలవడం, బోర్లించడం, ఆరాక ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి చూడటం. ఆ గోధుమరంగు గాజులోంచి చూస్తే క్లోనీ అనే ఐరిష్ ఊళ్ళో వాళ్ళ అద్దె ఇంటి పెరడు, చెక్క కంచె, వానకు తడిసిన పక్కింటి ట్రాంపొలిన్, అన్నీ తేనెలో ముంచి తీసినట్టుండేవి. ఆ కాసేపూ ఆమెకు హాయిగా ఉండేది. వెంటనే భయం వేసేది. ఏ సీసా అడుగునో మడ్డి మిగిలిపోతే? లోపల గ్యాసెక్కువై అది పేలితే? పేలే వేళకి కూతురు మధులిక ఆ పక్కనుంచే నడిచి వెళ్తుంటే? గాజుపెంకు ఎగిరి పిల్ల కంట్లో... అక్కడితో ఆలోచనను తెంపేసి, కడిగిన సీసానే మళ్ళీ కడిగేది.

బీరు చేసేది ఆమె కాదు, ఆమె మొగుడు యుగంధర్. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఒక సరదా ఉండాలంటాడు. "నేను బ్రూ చేస్తా" అని స్నేహితులకు చెప్పుకుంటాడు. ఆ "నేను"లో సీసాలు కడిగే మనిషి ఉంది, అంటుకుపోయిన పొయ్యి గోకే మనిషి ఉంది, ఉడికిన గింజల వాసన దుప్పట్లకు పట్టిందని అన్నీ విప్పి ఉతికే మనిషి ఉంది. వాళ్ళంతా ఎక్కడున్నారో యుగంధర్ ఎప్పుడూ తిరిగి చూడలేదు.

ఇక్కడి ఇళ్ళలో హాట్‌ప్రెస్ అని ఒక అల్మారా ఉంటుంది. వేడినీళ్ళ ట్యాంకు దానిలోనే ఉంటుంది కాబట్టి లోపలెప్పుడూ వెచ్చగా ఉంటుంది. వచ్చిన కొత్తలో ఈ చలికి దోసెల పిండి పులవక మంగాదేవి దిగులుపడి కూర్చుంటే, పక్క వీధి హేమమాలిని వచ్చి ఆ తలుపు తీసి చూపించింది. "గిన్నె ఇందులో పెట్టు వదినా, పొద్దున్నకి పొంగకపోతే నన్నడుగు" అంది. పొంగింది. ఆ దేశంలో మంగాదేవికి దొరికిన మొదటి వెచ్చని చోటు అదే. ఎవరూ లేనప్పుడు తలుపు తీసి, పిండి గిన్నె మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. నిద్రపోతున్న పిల్ల వీపు మీద చెయ్యి వేసినట్టుండేది. తరవాత ఆ చోటుకి యుగంధర్ ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది. బీరు పులవడానికీ వెచ్చదనమే కావాలట. డ్రమ్ము కింద, పిండి పై అర మీద సర్దుకున్నాయి. "జాగ్రత్త మంగా, ఇది చాలా సెన్సిటివ్ ప్రాసెస్" అన్నాడు. పిండి సంగతీ అంతేనని ఆమె అనలేదు.

ఏప్రిల్లో ఒకరోజు పిండి మామూలు కంటే ఎక్కువ పొంగింది. గిన్నె మూతను పక్కకి నెట్టి, అర చెక్కల సందుల్లోంచి జారి, డ్రమ్ము మూత మీద తెల్లగా ముద్దకట్టింది. "ఆగండి, గుడ్డ తెస్తున్నా" అని ఆమె వంటింట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి యుగంధర్ రుచి చూద్దామని ఆ మూత తీసేశాడు. ముద్ద లోపల పడింది.

"చెడగొట్టావు కదే! గోధుమ బీరు! ఎంత డెలికేటో తెలుసా నీకు?"

"ఆగమన్నానండీ..."

"నువ్వాగమంటే పిండి ఆగుతుందా? అసలా గిన్నె అక్కడెవరు పెట్టమన్నారు?"

మూత తీసిందెవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం తెనాలి నుంచి వీడియోలో అత్తగారు నాగరత్నం కూడా అడగలేదు. "మీ ఆవిడ చెయ్యి పడితే పెరుగే పూటకి పులిసిపోయేదిరా అబ్బాయ్, బీరు ఓ లెక్కా?" అని నవ్వింది. తల్లీ కొడుకూ కలిసి నవ్వుకున్నారు. మంగాదేవి కూడా నవ్వింది, నవ్వకపోతే ఏమైందని అడుగుతారని. తెనాలి ఎండల్లో ఎవరి చెయ్యి పడ్డా పెరుగు పులుస్తుందన్న సంగతి ఫోను పెట్టేశాక తోచింది. ఆమెకు మాటలన్నీ ఫోను పెట్టేశాకే తోచేవి.

నెల తిరిగేసరికి ఆ బీరు పుల్లగా తేలింది. పారబొయ్యడానికి యుగంధర్‌కి చేతులు రాలేదు. ఇళ్ళలో బీరు చేసేవాళ్ళ క్లబ్బు పోటీ దగ్గర పడింది. తన పేరు మీద మంచివి మూడు పంపాడు. "పులుపు రకాలకని వేరే విభాగం ఉందిలే, దీన్ని అందులో పడేద్దాం. నీ పేరు మీద" అన్నాడు.

"నా పేరెందుకండీ? నేను తాగను కూడా తాగనే."

"నా పేరు మీద ఇలాంటిది వెళ్తే నవ్వుతారు మంగా. నువ్వక్కడ ఎవరికీ తెలీదు. నీకేం పోయింది?"

నీకేం పోయింది అని ఆయన అన్నప్పుడల్లా ఏదో పోతూనే ఉండేది. ఏం పోయిందో చూసుకుందామంటే ఖాళీ మాత్రమే కనబడేది. "ఇంకోటి. గ్లాసులందించడానికి మనుషులు చాల్లేదట, నీ పేరిచ్చా. ఇంట్లో చేసేదేగా" అన్నాడు.

ఆ వారమంతా మంగాదేవికి సరిగ్గా నిద్ర పట్టలేదు. బియ్యమూ మినప్పప్పూ పడి పులిసిన బీరు తాగి ఎవరికైనా ఏమైనా అయితే? ఎవరు చేశారని అడుగుతారు. కాగితం మీద ఆమె పేరుంటుంది. గార్డులు, ఇక్కడి పోలీసులు, ఇంటికొస్తారు. మధులిక బడిలో తెలుస్తుంది. వీసా ఆగిపోతుంది. కూతురితో చెబితే, "మామ్, ఇట్స్ సావర్ బీర్, నాట్ పాయిజన్. యూ'ర్ గ్రాండ్" అని ఫోన్లోంచి తలెత్తకుండానే అంది. గ్రాండ్ అంటే ఇక్కడ ఏం ఫరవాలేదని. పదమూడేళ్ళ పిల్లకి లోకం ఎప్పుడూ గ్రాండే.

పోటీ ఊరి చివర ఆటల క్లబ్బు హాల్లో జరిగింది. బయట సన్నగా వాన. పొడుగాటి కిటికీల్లోంచి వచ్చే వెలుతురు నీళ్ళలోంచి వచ్చినట్టు మెల్లగా కదులుతోంది. తెల్లగుడ్డలు పరిచిన బల్లల మీద రకరకాల గ్లాసులు, గడ్డిరంగువి, రాగిరంగువి, కాఫీ డికాక్షన్‌లా నల్లనివి. మాటలన్నీ గుసగుసలే. ఎవరో జబ్బుమనిషి నిద్రపోతున్న ఇంట్లోకి వచ్చినట్టనిపించింది మంగాదేవికి. ఆమెను ఓర్లా బల్లకి వేశారు. ఓర్లా తెల్లజుట్టు పెద్దావిడ, జడ్జి. స్లైగో ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైందట. ఎవరైనా పడిపోతే పక్కనే నర్సు ఉందిలే అని మంగాదేవి కాస్త ఊపిరి పీల్చుకుంది.

"ఇది ఎవరు చేశారో మాకు తెలీకూడదు. నంబరు మాత్రమే" అని ఓర్లా నెమ్మదిగా, విడదీసి చెప్పింది. "బాగుందా లేదా అని మాత్రమే కాదు చూసేది. ఏ రకమని చెప్పుకుని వచ్చిందో, ఆ రకానికి తగ్గట్టుందా అని చూస్తాం."

ఒక రాగిరంగు బీరు వచ్చింది. బల్ల దగ్గర ముగ్గురూ దాన్ని ఇష్టపడ్డారు, మిగిలిందాన్ని మళ్ళీ పోయించుకున్నారు కూడా. అయినా మార్కులు తక్కువే వేశారు. వేసిన విభాగానికి రంగెక్కువైందట. మంగాదేవికి ఆ గ్లాసు మీద జాలేసింది. తననూ పెళ్ళైన రోజున ఏదో ఒక విభాగంలో వేసే ఉంటారు. అదేదో ఆమెకు చెప్పలేదు, మార్కులు మాత్రం పూటపూటకీ పడుతున్నాయి.

గ్లాసులు అందిస్తూ, తీస్తూ, ఆమె వాళ్ళనే చూడసాగింది. ముందు గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. తరవాత వెలుతురుకెత్తుతారు. గుక్కెడు నోట్లో పోసుకుని ఊరుకుంటారు. మాట్లాడేటప్పుడు మొదట అందులో ఏముందో చెబుతారు, ఏం లేదో తరవాత. చూస్తూ చూస్తూ ఉంటే ఆ బల్ల మీద గ్లాసుల బదులు తన వంట కనబడటం మొదలైంది. టమాటా పప్పు గిన్నె నంబరు చీటీతో వచ్చింది. ముగ్గురు మనుషులు దాని ముందు వంగి కళ్ళు మూసుకున్నారు. ఇంగువ ముందొచ్చింది, వెల్లుల్లి వెనకాల నిలబడింది, పులుపు చివర్లో మెల్లగా వచ్చి కూర్చుందని ఒకరితో ఒకరు గుసగుసగా చెప్పుకున్నారు. వండిందెవరో వాళ్ళకు తెలీదు, అందుకే అంత శ్రద్ధగా తింటున్నారు. ఇంట్లో వండిందెవరో అందరికీ తెలుసు. యుగంధర్ ఫోను చూస్తూ మొదటి ముద్దకి "ఉప్పు" అంటాడు. ఎక్కువైందో తక్కువైందో కూడా చెప్పడు. ఆమె వెళ్ళి రుచి చూసుకోవాలి.

"లవ్? నెక్స్ట్ వన్" అని ఓర్లా చనువుగా పిలిచాక పప్పు గిన్నె మాయమైంది. చేతిలోకి పులుపు విభాగం సీసా వచ్చింది. దాని మీది నంబరు చీటీ వంటింటి బల్ల దగ్గర ఆమె తన చేత్తోనే అంటించింది.

చెప్పేద్దామా? చెబితే పోటీ నియమం తప్పినట్టు. జారవిడిచేద్దామా? మూత తీస్తే సన్నగా బుస్సుమంది. గ్లాసుల అడుగు తడిసేంతే పోసింది.

"ఇంత పిసినారితనమా!" అని నవ్వింది ఓర్లా. "ఇంకాస్త పొయ్యమ్మా."

పోసింది. బియ్యం కడుగులా మబ్బుగా, లేతగా ఉంది. ఓర్లా మింగింది. మంగాదేవి ఆవిడ గొంతు వైపే చూస్తూ నిలబడింది. హాలంతా నీళ్ళలో మునిగినట్టు శబ్దాలు దూరమయ్యాయి. ఇప్పుడు దగ్గుతుంది. ఇప్పుడు పొట్ట పట్టుకుంటుంది. ఇప్పుడు అంబులెన్సుకి ఫోను చేస్తారు.

ఓర్లా కళ్ళు తెరవలేదు. "నిమ్మ" అంది చాలాసేపటికి. "నిమ్మ వెనకాల ఇంకేదో ఉంది. రొట్టె కాదు. నాకు తెలిసింది కాదు."

పక్క జడ్జి మళ్ళీ వాసన చూశాడు. "ఇంట్లోకి అడుగుపెట్టగానే వచ్చే వాసనలా ఉంది. ఎవరింట్లోకో మాత్రం తెలీదు" అన్నాడు.

అది పొద్దున్నే పిండి గిన్నె మూత తీసినప్పటి వాసన. మంగాదేవికి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. గ్లాసులందించే మనిషి మాట్లాడకూడదు. నోరు మూసుకుని నిలబడింది, ఆ పని బాగా వచ్చు కాబట్టి.

సాయంత్రం ఫలితాలు చదివారు. యుగంధర్ పేరుతో వెళ్ళిన మూడూ ఎక్కడా లేవు. పులుపు విభాగంలో మొదటిది మంగాదేవి అని, ముక్కలు ముక్కలుగా, జాగ్రత్తగా చదివారు. యుగంధర్ కుర్చీలు తోసుకుంటూ వచ్చాడు.

"మంగా! మన బీరే!"

పొద్దుటిదాకా అది నీ పిండి పడిన బీరు. ఇప్పుడు మన బీరు. ఆమె ఆ మాటల మధ్య దూరం కొలుచుకునేలోపే ఆయన చెవిలో చెప్పుకుపోతున్నాడు. "కావాలనే చేశామని చెప్పాలి, అర్థమైందా? దోసె పిండితో ఎక్స్‌పెరిమెంట్, ఐడియా నాది. నువ్వు మాట్లాడలేవులే, నేనొస్తా. ఇంకనించి ప్రతి బ్యాచ్‌కీ నీ పిండే! వారానికి రెండు సార్లు ఎక్కువ రుబ్బితే సరిపోతుంది. హాట్‌ప్రెస్ మొత్తం దీనికే వదిలేద్దాం, మన దోసెల పిండి ఇంకెక్కడైనా పెట్టుకో."

చివరి మాట దగ్గర మంగాదేవి లోపల ఏదో ఆగిపోయింది. అప్పటిదాకా ఆమె ఏ తప్పు తన మీదికొస్తుందో అని భయపడింది. తీరా మెప్పు వచ్చింది, అది ఆమెకున్న ఒక్క వెచ్చని చోటునీ అడుగుతోంది.

ముందుకు వెళ్ళారు. పతకం ఆమె చేతిలో పెట్టారు. మాట్లాడింది యుగంధర్. ఉష్ణోగ్రత అన్నాడు, కల్చర్ అన్నాడు, ట్రెడిషన్ అన్నాడు. అందరూ తలలూపారు. ఓర్లా మాత్రం అతని భుజం మీదుగా మంగాదేవినే చూస్తోంది. సీసాలో మిగిలింది చిన్న గ్లాసులోకి వంచి ఆమెకందించింది.

"మరి మీకెలా అనిపించింది ఇది?"

"షీ డజంట్ డ్రింక్" అన్నాడు యుగంధర్ నవ్వుతూ.

"నేనడిగింది ఆమెని" అంది ఓర్లా, అంతే మెత్తగా.

వాళ్ళతో వచ్చిన మధులిక కిటికీ పక్కన ఫోను దించింది. "మామ్, యూ డోంట్ హావ్ టు" అంది. ఆ పిల్ల గొంతులో తన భయమే తనకు వినబడింది మంగాదేవికి. ఈ భయం దీనికీ అంటిందా అనుకుంది. పులిసిన పెరుగులోంచి మరో గిన్నెకి తోడు వేసినట్టు, తెలియకుండానే.

గ్లాసు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని చెప్పారు, ఉప్పు, పులుపు, మాడు, నీళ్ళు. నీకెలా ఉందని అడిగినవాళ్ళు ఒక్కరూ గుర్తుకు రాలేదు. భయాలన్నీ వరసగా వచ్చాయి, కళ్ళు తిరుగుతాయేమో, అత్తగారికి తెలుస్తుందేమో, కూతురి ముందు పరువు పోతుందేమో. వచ్చి, ఆమె ఏమీ అనకపోయేసరికి, వాన చప్పుడులో కలిసిపోయాయి. గుక్కెడు తాగింది. పలచన, చల్లన, ముక్కులోకి చురుక్కుమంది. ఎక్కడో వెనకాల తన పిండి వాసన, తెలియని పెళ్ళిలో తప్పిపోయిన చుట్టంలా.

"వావ్ అను" అన్నాడు యుగంధర్ పెదాలు కదలకుండా.

మంగాదేవి కళ్ళు తెరిచింది.

"రంగు బాగుంది" అంది. తనకొచ్చిన ఇంగ్లీషులో, తొందరపడకుండా. "నురగ బాగుంది. వాసన కూడా బాగుంది. నాకు నచ్చలేదు. నా పిండి ఇంక దీనికివ్వను."

హాల్లో ఎవరో నవ్వబోయి ఆగారు. ఎవరూ పడిపోలేదు. ఓర్లా ఆ మాటని, పొద్దుట్నుంచీ ప్రతి గ్లాసునీ అందుకున్నంత శ్రద్ధగా అందుకుంది. "ఫెయిర్ ఎనఫ్" అంది.

యుగంధర్ ముఖం నల్లబడింది. అందరికీ నవ్వు ముఖం చూపిస్తూనే, ఆమెకు మాత్రమే వినబడేలా తెలుగులో పళ్ళు బిగించి అడిగాడు. "ఓహో. ఇంకేమేం నచ్చలేదేంటి అమ్మగారికి?"

వెటకారంగానే అడిగాడు. మంగాదేవి మాత్రం దాన్ని ప్రశ్నగానే తీసుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టింది. రెండు కుర్చీలు ఎదురెదురుగా లాగి, ఒకదాంట్లో తను కూర్చుంది.

"కూర్చోండి, చెబుతాను" అంది.