ఒంటికన్ను మామ ఎవరి కథ?

ట్రైలర్ వచ్చిన మూడో రోజుకే హన్మకొండ పిల్లలు కత్తులు నూరడం మొదలుపెట్టారు. పిల్లలంటే పిల్లలు కారు, నలభైకి దగ్గర పడ్డవాళ్లు. చిన్నప్పుడు ఆదివారం పొద్దున లోకల్ కేబుల్‌లో చూసిన బుడ్డి బాతు కార్టూన్‌ను ఇప్పుడు ఏదో విదేశీ కంపెనీ పెద్ద సినిమాగా తీసింది. బాతుపిల్లకు అచ్చం నిజం ఈకలు, ఒంటికన్ను నక్కకు నిజం కోరలు. ట్రైలర్‌లో ఆ నక్క తల్లిబాతు మెడ కొరికింది. అంతే, ‘బుడ్డి బ్యాచ్’ వాట్సాప్ గ్రూపు భగ్గుమంది.

గ్రూపు పెద్ద నిఖిల్. చౌరస్తాలో సెల్‌ఫోన్ల దుకాణం వాడిది. ఒక శనివారం సాయంత్రం, అదే గ్రూపులోని శ్రావణిని వెంటబెట్టుకుని నయీంనగర్‌లోని సారంగపాణి ఇంటికి వచ్చాడు.

“సార్, మీరే దిక్కు. ఒంటికన్ను మామ బుడ్డికి మేనమామ. చెల్లెతోని లొల్లి పెట్టుకొని, ముఖం చెల్లక, మేనగోడలు ఎనకాల్నే దూరం దూరంగ నడిచేటోడు, ఎవ్వరూ ముట్టకుంట. గసుంటోన్ని హంతకున్ని చేసిన్రు సార్! పైసల కోసం ఎంత పాపమైనా చేస్తాన్నరు. వినోద టీచర్ నోటితోని విన్నోళ్లం మేం. అసలు కథ గిది అని మీరు కెమెరా ముంగట ఒక్క మాట చెప్పాలె.”

సారంగపాణి కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. ఆయన డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య వినోద పోయి నాలుగేళ్లు. ఆమె పేరు గోడ మీది ఫొటో కింద తప్ప ఇంకెక్కడా రాసి లేదు. ఈ నాలుగేళ్లలో ఆమె పేరు తలచుకుని ఇంటికి వచ్చిన వాళ్లు వీళ్లే. అదే పదివేలనుకున్నాడు. కానీ అడిగినదే చిక్కుగా ఉంది.

ఎందుకంటే అసలు కథ అది కాదు.

కేబుల్ ఓంప్రకాశ్ ఆ రోజుల్లో ఎక్కడి నుంచో తెచ్చిన క్యాసెట్లు అవి. అందులో మాటలు ఏ దేశపు భాషో ఎవరికీ తెలియదు. టీవీ గొంతు నొక్కేసి, పక్కన ఎవరితోనైనా తెలుగులో మాట్లాడించి టేపు మీదికి ఎక్కించాలన్నది ఓంప్రకాశ్ ఉపాయం. మూడో తరగతి చెప్పే వినోదను పిలిచాడు. కిటికీకి బొంత కట్టిన గదిలో, చెమటలు కక్కుతూ, ఒక్కతే బాతూ నక్కా తాబేలూ అయ్యి మాట్లాడింది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. క్యాసెట్ డబ్బాలో మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పింది సారంగపాణే. నక్క తల్లిని తినేసింది. పిల్ల బలిసేదాకా వెంట తిరుగుతుంది. ఇరవై ఆరో భాగంలో మంచులో దాన్ని నోట కరుచుకుపోతుంది.

“పొద్దుగాల పిల్లలు ఇడ్లీ తినుకుంట చూస్తరు. వాళ్లకు గిదా నేను చెప్పేది?” అంది వినోద. అప్పటికప్పుడు నక్కను మేనమామను చేసింది. చివరి భాగంలో నక్క బాతును నోట కరుచుకున్నప్పుడు, “భయపడకు బిడ్డా, గడ్డకట్టిన వాగు దాటిస్తాన్న” అని నక్క గొంతుతో అంది. ఊరు ఊరంతా నమ్మింది.

ఆ ఇరవై ఆరు భాగాలూ ఆమె రాయని పుస్తకమని సారంగపాణికి ఎప్పటినుంచో మనసులో ఉంది. ఒక్కరికైనా చెప్పాలని ఉండేది. అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు అడుగుతున్నారు, కెమెరాతో సహా. విని వీళ్లు గర్వపడతారనుకున్నాడు పిచ్చి మనిషి.

శ్రావణి ఫోను స్టాండుకు బిగించింది. ఆయన సర్దుకుని కూర్చున్నాడు.

“వినోద శానా మంచిగ చెప్పేది. బుడ్డికి మేనమామ ఒంటికన్ను మామ. అండ్ల డౌట్ లేదు,” అని ఆగాడు. “కానీ ఆ మేనమామ ఆ క్యాసెట్ల లేడు. అసలు కథల నక్క నక్కనే. సినిమావాళ్లు తప్పు చెయ్యలే. మీరు ప్రేమించిన కథ నా భార్యది. అల్లింది ఆమె. ఆ పేరు మీరు చెప్పాలె.”

నిఖిల్ ముఖం చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది.

“సార్, మీకు యాది లేదేమో...”

“ఉంది నాయనా. అసలుది ఇంటర్నెట్‌ల ఉంది, చూస్కో.”

“గవన్నీ కంపెనోళ్లు ఇప్పుడు మార్చి పెట్టినయి సార్.”

సారంగపాణి వాదించలేదు. వాళ్లకు మింగుడుపడటానికి కొంచెం వ్యవధి ఇద్దామని, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు. చాయ్ తాగారు. నిఖిల్ కాళ్లకు మొక్కి మరీ వెళ్లాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాడు పెద్దాయన.

మర్నాడు వీడియో వచ్చింది. ‘మా మామను చంపకండి’ అని పేరు. అందులో సారంగపాణి కళ్లజోడు సర్దుకుని, “వినోద శానా మంచిగ చెప్పేది. బుడ్డికి మేనమామ ఒంటికన్ను మామ. అండ్ల డౌట్ లేదు,” అన్నాడు. అక్కడికి ఐపోయింది. కింద ‘అసలు కథను తెలుగులోకి అనువదించిన టీచరమ్మ భర్త’ అని రాశారు. సాయంత్రానికి పదకొండు వేల మంది చూశారు. ‘సార్ కళ్లల్ల నిజం కనపడుతాంది’ అని ఒకరు. ‘ట్రాన్స్‌లేషన్ సూపర్ మేడమ్’ అని ఇంకొకరు.

ఆయన ఫోన్ చేశాడు. “నా మాట సగానికి తుంచినవు నిఖిల్.”

“మీ మంచికే సార్. గది పెడితే టీచర్ మమ్ములను మోసం చేసిందంటరు. జనం నోరు మంచిది కాదు.”

“మోసం కాదు. ఆమె కష్టం.”

“సార్,” అన్నాడు నిఖిల్. “మా అమ్మ సచ్చిపోయినంక నన్ను మామ ఇంట్ల పడేసిన్రు. ఆయన నాతోని మాట్లాడకపోతుండె. బుడ్డి ఎనక ఒంటికన్ను మామ నడిచినట్టే నా ఎనక నడుస్తాండనుకొని బతికిన నేను. గది ఎవరో ఇంటికాడ కూసొని ఉత్తగ అల్లింది అంటే, నేను నమ్మ. మీరు చెప్పినా నమ్మ.” మళ్లీ తనే అన్నాడు: “సినిమావాళ్లు మిమ్ములను కలిసిన్రని గ్రూపుల అంటాన్నరు. నేనైతే అడుగ.”

నిఖిల్ ఫోను పెట్టేశాడు. ఎవరో ఇంటికాడ కూసొని ఉత్తగ. ఆ పసివాణ్ణి నిలబెట్టినది బొంత వెనక చెమటలు కక్కిన వినోద గొంతే. ఆ గొంతును కాపాడుకోవడానికి వాడు వినోదను కాదంటున్నాడు. సారంగపాణికి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

రెండు రోజుల తర్వాత ఫోనులో చిన్న వీడియో పడింది. శ్రావణి పంపింది. ‘సార్, ఇది మీ దగ్గర ఉండనియ్యున్రి. నేను పంపినట్టు నిఖిల్‌కు చెప్పకున్రి.’

తెరిచాడు. తనే. “మీరు ప్రేమించిన కథ నా భార్యది. అల్లింది ఆమె.” తను లోపలికి వెళ్లిన తర్వాత కూడా ఫోను ఆగలేదు. ఖాళీ కుర్చీ, పైన ఫ్యాను చప్పుడు. వంటింట్లో గిన్నె మోత.

“ముసలాయనకు మతి తప్పింది. ఇది కట్ చెయ్,” అని నిఖిల్ గొంతు.

“నిజమైతే?” అని శ్రావణి.

“నిజమైతే ఇంకా కట్ చెయ్.”