పుత్తూరు కట్టు

మా బావమరిది దొరస్వామి చిత్తూరులో ఇంగ్లీషు అయ్యవారు. యుద్ధం రోజుల్లో, పెళ్లి వారంలో ఉందనగా సైకిలు మీద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తాళి కట్టాల్సిన చేతికే కట్టు కట్టాల్సి వచ్చింది. చేతివేళ్లు ఆడితే సరే, లేకుంటే పెళ్లి మూఢం దాటినాకే అని శ్రీకాళహస్తి నుంచి ఆడపెళ్లివారు కబురు చేశారు. మూఢం మాట వినగానే వాడి మొహం మాడిపోయింది.

ఇద్దరం పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సెక్కి పుత్తూరులో ఎముకల వైద్యుడు ఏకాంబరం దగ్గరికి పోయాం. ఏకాంబరానిది ఒకటే పద్ధతి. రోగిని మాటల్లో దించుతాడు, వాడు మునిగినాక ఎముక లాగి కూర్చోబెడతాడు. మా ముందున్న ఎల్లప్పను బర్రె పాలెన్ని ఇస్తుందని అడిగాడు. జవాబు చెప్పబోయిన ఎల్లప్ప బర్రెకన్నా గట్టిగా అరిచాడు.

అది చూసిన దొరస్వామి నోటికి తాళం వేశాడు. వానల గురించి, బడి గురించి, చివరికి పెళ్లికూతురి గురించి అడిగినా ఉలకలేదు. చెయ్యి రోకలిబండలా బిగదీసుకున్నాడు.

“కండ ఇట్ల బిగిస్తే ఎముక యాడ కూర్చుంటాదప్పా? ఇంగో దినం రాండి” అని ఏకాంబరం చెయ్యి వదలబోయాడు.

మాకు ఇంకో దినం ఎక్కడిది? మా వాడు ఎముక విరిగితే ఓర్చుకుంటాడు గాని ఇంగ్లీషు మాట విరిగితే ఓర్చుకోడు. అందుకని నేను ఏకాంబరంతో, ఇంగ్లీషులో చేతిని ఆర్మ్ అంటారనీ, దొరలు పూర్వం కత్తి పట్టుకునే పుట్టేవాళ్లు గనక ఆర్మ్స్ అనే ఆయుధాల పేరే చేతికి పెట్టారనీ పెద్దమనిషిలా సెలవిచ్చాను.

దొరస్వామి ముక్కుపుటాలు అదిరాయి.

“ఎవురు చెప్పినారు బావా నీకు? చేతి పేరు ఇంగ్లీషోళ్లింట్లోనే పుట్టినాది. ఆయుధాల పేరు లాటిను నుంచి వచ్చినాది. కుర్చీ చెయ్యీ ఆర్మే, సముద్రం పాయా ఆర్మే. కానీ అన్నిటికీ వెనక ఒకే మూలం ఉండాదంటారు. దానర్థం ఒకదాంట్లో ఒకటి ఇమడడం. బండిచక్రంలో బిగించే ఆకును సంస్కృతంలో అర అంటారే, అదీ ఆ వంశమే. అంటే చెయ్యి భుజానికి అతికి…”

టక్కుమంది.

“అతికినాది” అన్నాడు ఏకాంబరం.

దొరస్వామి కేక బస్సు దగ్గరికి వినిపించింది. గుడ్డుసొన, ఆకుపసరు రాసి వెదురుబద్దలు పెట్టి కడుతున్నంత సేపూ నన్ను తిడుతూనే ఉన్నాడు, చెయ్యి లాగించినందుకు కాదు, వాక్యం పూర్తి కానివ్వనందుకు. తిట్టుకొక వేలు చొప్పున ఆడించి చూపించాడు. అయిదు వేళ్లూ ఆడాయి.

ముహూర్తానికే పెళ్లి జరిగింది. పీటల మీద కూర్చున్నాక పురోహితుడు ఆ కట్టేమిటని అడిగిన పాపానికి, మా వాడు తాళి చేతబట్టుకుని లాటిను నుంచి మొదలుపెట్టాడు.

పెళ్లికూతురు చంద్రకాంతమ్మ తల ఎత్తకుండానే అంది:

“ముందు ముడి ఎయ్యండి. మాట యాడికీ పోదు.”