నాలుగు మూలలా పసుపు

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు హైమవతి వంటిల్లు ఆమె కొత్త హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లిపోతుంది. ఆ సమయంలో చెల్లెలు కుముదిని పొయ్యి దగ్గర పప్పు కలుపుతోంది. గరిటెతో సహా ఆమె కూడా వెళ్తుంది.

వంటిల్లు ఉన్న చోట గోడ ఉంది. అక్కడ ఏనాడూ తలుపు లేనట్టే ఉంది.

హైమవతి ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. బ్యాగును శనివారం బంజారాహిల్స్‌లో కొనుక్కుంది. ఇంటికి తెచ్చి, కొత్త చీరకు పెట్టినట్టే లోపల ఒక మూల పసుపు బొట్టు పెట్టి బీరువాలో ఉంచింది. భుజానికి తగిలించుకోనే లేదు. ఈ ఉదయం బయటికి తీసి జిప్పు లాగింది. చేసింది అంతే.

ఆమె బ్యాగును ఒళ్లో పెట్టుకుని మలక్‌పేటలో ఆటో ఎక్కుతుంది. చాదర్‌ఘాట్ వంతెన దాటుతుండగా బ్యాగులోంచి కుముదిని పిలుస్తుంది.

"అక్కా, గిన్నెలు ఊగుతున్నయ్. ఆటోను జర మెల్లగ పొమ్మను."

"నువ్వెట్లున్నవే?"

"మంచిగనే ఉన్న. కిటికీ తీస్తే అస్తరు గుడ్డ కనపడుతున్నది. గాలి ఆడుతలేదు."

ఆటో అతను వేగం తగ్గిస్తాడు. పప్పులో ఇంగువ వేశారా అని అడుగుతాడు. వేశామంటుంది కుముదిని.

బ్యాగు కొన్న దుకాణంలో హైమవతిని సోఫాలో కూర్చోమంటారు. ఆమె కూర్చోదు. గాజు గ్లాసులో నీళ్లిస్తారు. తాగకుండా చేతిలో పట్టుకుని నిలబడుతుంది. మేనేజరు నిఖిలేష్ చేతులకు తెల్ల గ్లవుజులు తొడుక్కుని, బ్యాగు తెరిచి, కుముదినికి నమస్కారం పెడతాడు. తర్వాత భూతద్దం తీసి మూలలు చూస్తాడు.

"పసుపుంది మేడమ్. అంటే మీరు వాడారు. వాడింది మేం వాపసు తీసుకోం."

"పసుపు పెట్టేది వాడకముందు బాబూ. వాడినంక ఎవరు పెడతరు? ఇంకా వాడలేదనేటందుకు అదే సాక్ష్యం."

నిఖిలేష్ ఆలోచిస్తాడు. మార్పిడి చేయించగలనంటాడు. అరల్లో ఉన్న బ్యాగులు ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తాడు. ఒకదాంట్లో ఎవరిదో బాల్కనీ ఉంది, ఆరేసిన బట్టలతో సహా. ఇంకోదాంట్లో పూజగది, దీపం వెలుగుతూనే ఉంది.

"మా చెల్లెలుందా దాంట్ల?"

"చెల్లెలు ఈ మోడల్‌లో రాదు మేడమ్."

"అయితే నాకొద్దు. నా వంటిల్లు, నా చెల్లెలు బయటికొచ్చేదాక నేను కదల."

ఈ దుకాణంలో రిటర్న్ పాలసీని కాగితం మీద రాయలేదు. అది లోపలి గదిలో, కుర్చీలో కూర్చుని ఉంటుంది. అరవై ఏళ్ల మనిషి, కోటు వేసుకుని ఉంటాడు. రోజూ పొద్దున ఆయన మీద దుమ్ము దులుపుతారు. హైమవతిని ఆయన ముందుకు తీసుకెళ్తారు.

పాలసీ బ్యాగును ముట్టుకోడు. పసుపు ఎవరు పెట్టారని మాత్రం అడుగుతాడు. తానేనంటుంది హైమవతి.

"పసుపు తగిలిన వస్తువు పెట్టినవారిది. లోపల ఏముందో కంపెనీకి సంబంధం లేదు."

"ఏ వస్తువైనానా?"

"ఏదైనా."

"రేపు మాట మారుస్తవా?"

"నేను మాట మార్చలేనమ్మా. ఆ మాటే నేను."

హైమవతి బ్యాగులో చేయి పెడుతుంది. పోపుల డబ్బా ఇమ్మంటుంది. పసుపు అడుక్కు వచ్చిందని, పండక్కి తెమ్మంటే తేలేదని కుముదిని సణుగుతూనే అందిస్తుంది. హైమవతి గ్లాసులో నీళ్లు కొన్ని చల్లి పసుపు తడుపుతుంది. గదిలోంచి బయటికి వచ్చి, దుకాణం మొదటి మూలలో వంగి బొట్టు పెడుతుంది. తర్వాత రెండో మూల, మూడో మూల. నిఖిలేష్ వెనకే నడుస్తూ పాలసీ వైపు చూస్తాడు. పాలసీ నోరు తెరుస్తాడు. "ఏదైనా," అని మళ్లీ ఆ మాటే అంటాడు.

నాలుగో మూల గుమ్మం దగ్గర ఉంది. సెక్యూరిటీ గార్డు యాదగిరి కుర్చీ జరిపి, గడప మీదినుంచి కాలు తీసి, బయట ఫుట్‌పాత్ మీదికి దిగి నిలబడతాడు. ఆమె బొట్టు పెడుతుంది.

"ఇప్పుడీ దుకాణం ఎవరిది?" అని లోపలికి అడుగుతుంది.

"మీది," అంటాడు పాలసీ.

"అయితే మార్చుకుంట. ఇది తీసుకోని వంటిల్లియ్యి."

ఆమె గడప బయట నిలబడి జిప్పు చివరిదాకా లాగుతుంది. దుకాణం సోఫాతో మొదలుపెట్టి లోపలికి వెళ్తుంది. అద్దాలు, అరలు, నిఖిలేష్, చివర్న కుర్చీతో సహా పాలసీ. అదే దారిన వంటిల్లు బయటికి వస్తుంది.

రెండు గంటలకు బంజారాహిల్స్ రోడ్డు మీద, రెండు షోరూముల మధ్య, మలక్‌పేట వంటిల్లు ఉంది. కిటికీ తెరిచి ఉంది. కుముదిని యాదగిరికి పప్పన్నం పెడుతోంది. ఉప్పు తగ్గిందని అతనంటే, అంత దూరం ఆటోలో వస్తే తగ్గదా అంటోంది.

హైమవతి బ్యాగును మేకుకు తగిలిస్తుంది. ఉల్లిపాయలు వేద్దామని కుముదిని దాన్ని తెరుస్తుంది. లోపల దుకాణం లైట్లు వెలుగుతున్నాయి. అరల్లో బ్యాగుల జిప్పులు లోపలినుంచి తెరుచుకుంటున్నాయి. ఒక్కో బ్యాగులోంచి ఒక వేలు బయటికి వచ్చి, దుకాణం మూల కోసం తడుముతోంది. ప్రతి వేలి కొసకూ తడి పసుపు ఉంది.