వెతకాల్సిన చోటు

వీరవెంకటసత్యనారాయణ గారు నాకు చేసిన అన్యాయం ముందు చెప్పాలి. ఇప్పటికీ నోటికి 'గారు' అనే వస్తుంది, అదీ నా ఖర్మ. భూమి అమ్మిన డబ్బు నేను పెట్టాను, చదువు ఆయనది. ఇద్దరం కలిసి అమీర్‌పేటలో పిల్లలు గంటల లెక్కన కూర్చుని ప్రోగ్రాములు సాధన చేసుకునే ల్యాబ్ తెరిచాం. ఏడాది తిరక్కుండానే ఆయన బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుని పంజాగుట్టలో సొంత ల్యాబ్ పెట్టుకున్నాడు. తలుపు పక్కనుండే తన కంప్యూటర్‌నూ ఆటోలో వేసుకుపోయాడు.

మర్నాడు ఏ కంప్యూటర్‌లోనూ ప్రోగ్రాం తయారు కాలేదు. అన్నిట్లో ఒకటే మాట: లైబ్రరీ దొరకలేదు. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలట. పిల్లలు రాసింది వాటితో కలిస్తేనే నడుస్తుంది. ఎనిమిదిలో బడి మానినవాణ్ణి, అవి కూడా ఆటోలోనే పోయాయనుకున్నాను. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. వాళ్లు మెట్లు దిగితే ఇక ల్యాబ్ మూసుకోవడమే. సనత్‌నగర్‌లో పాత సామాను కొనేవాడికి ఫోన్ కలిపాను.

సుష్మిత అనే పిల్ల మాత్రం లేవలేదు. మర్నాడు ఆమెకు ఇంటర్వ్యూ.

"జర ఆగుండ్రి అంకుల్. ఏం పోలే. లైబ్రరీలు గీ డబ్బాలనే ఉన్నయ్. యాడ దేవులాడాల్నో చెప్పే దారి సార్ కంప్యూటర్‌కు పెట్టిండ్రు," అంది.

అమీర్‌పేటలో అందరూ చేసేదే మేమూ చేశాం. ఒక కంప్యూటర్ సిద్ధం చేసి, మిగతావాటికి దాన్నే కాపీ కొట్టాం. ఆయన వైపు చూపే దారి కూడా అన్నిట్లోకీ ఎక్కింది.

సుష్మిత దారి మార్చింది. ప్రోగ్రాం తయారైంది. నడపబోతే మళ్లీ అదే మాట. నా బతుకింతే అన్నాను. ఆమె నవ్వింది.

"తయారు చేసేటప్పుడు చెప్తె సాలదు అంకుల్, నడిచేటప్పుడు సుత చెప్పాలె. పెండ్లి కార్డు మీద ఫంక్షన్ హాల్ అడ్రస్ రాసినం, బండి డ్రైవర్‌కు చెప్పలే. గంతే."

ఆ దారి మరో చోట కూడా రాసింది. నడిచింది. తన చదువు పక్కన పెట్టి, ఒక్కో కుర్చీకి జరుగుతూ అన్నిటినీ బాగు చేసింది. భుజానికెక్కిన సంచులు మళ్లీ కిందికి దిగాయి.

ల్యాబ్ ఈనాటికీ నడుస్తోంది. బల్కంపేట ఎల్లమ్మ ముందు నిలబడితే, నా పిల్లల పేర్ల వెంటనే ఆ పిల్ల పేరు చెప్పుకుంటాను.

ఆ రోజు టీ తాగుతూ, సార్ వల్ల నాకెంత పోయిందని అడిగింది. మా వాళ్లు నన్ను తిట్టారు, నవ్వారు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు.

"భువనగిరి దిక్కు ఎకరం పదహారు గుంటలు బిడ్డా," అన్నాను.