బ్రేకు వాళ్ల అక్క కొన్న ఎయిర్ ఫ్రయర్

డిపోలో అతన్ని అందరూ బ్రేకు అనే పిలుస్తారు. సిటీ బస్సులు నడిపేవాళ్లలో అంత జాగ్రత్తపరుడు ఇంకొకడు లేడు. వీధి చివర కుక్క తోక కదిలినా ఇతని కాలు బ్రేకు మీదికి పోతుందని తోటివాళ్ల వేళాకోళం. ఇంటికొస్తే ఆ జాగ్రత్త ఇంకో మెట్టు ఎక్కుతుంది. అదంతా అక్క మీదే.

ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. అక్కకి ముప్పై దాటాక కంటి నరాలు దెబ్బతిని, ఏడాది తిరక్కుండానే చూపు పూర్తిగా పోయింది. ఆమె మూల కూర్చుని ఏడ్చే రకం కాదు. ఆసుపత్రి డాక్టర్లు మాట్లాడి పంపే రికార్డింగులు విని, ఇంటి నుంచే రిపోర్టులు టైపు చేసే పని నేర్చుకుంది. ఆమె వేళ్లు కీబోర్డు మీద పరిగెడుతుంటే, పక్క ఫ్లాటావిడ వాన మొదలైందనుకుని ఆరేసిన బట్టలు తీసుకుందట ఒకసారి. ఒంటరిగా మెట్లు దిగుతుంది, కూరగాయల కొట్టుకి వెళ్తుంది, వంకాయ లేతదో ముదురో బొటనవేలితో నొక్కి చెప్పేస్తుంది. అన్నీ చేతికొచ్చాయి గానీ, వంటిల్లు మాత్రం చేజారిపోయింది.

చూపు పోయిన కొత్తలో ఓ సాయంత్రం బంగాళాదుంప ముక్కలు వేయించబోయింది. మోచెయ్యి తగిలి మూకుడు ఒరిగింది. కాగిన నూనె ముంజేతి మీద పడింది. సరిగ్గా అప్పుడే తమ్ముడు గుమ్మంలో అడుగు పెట్టాడు. ఆ కేక అతని చెవుల్లో ఉండిపోయింది. అక్క చెయ్యి మానింది గానీ తమ్ముడి భయం మానలేదు.

"ఇంకోసారి పొయ్యి దగ్గరికి వెళ్లావంటే నా మీద ఒట్టే" అన్నాడు.

అప్పట్నుంచి వంట అతనిదే. అతని వంటంటే ఉడకబెట్టడమే. కూర ఉడకబెడతాడు, గుడ్డు ఉడకబెడతాడు, కోడిమాంసాన్నీ అలాగే నీళ్లలో ముంచి తేలుస్తాడు. "రోగం లేకుండానే పథ్యం తింటున్నాం కదరా" అని అక్క నవ్వేది. నవ్వేదే గానీ, లోపల చివుక్కుమనేది. చూపున్న రోజుల్లో ఆమె వేపుడుకి చుట్టాల్లో పేరు. వచ్చినవాళ్లు గిన్నె అడుగు గోకి మరీ వెళ్లేవారు. ఇప్పుడు పళ్లెం ముందు కూర్చోవడం తప్ప ఆమెకి పని లేదు.

ఎయిర్ ఫ్రయర్ సంగతి ఆమెకి ఆఫీసులో రిపోర్టులు సరిచూసే స్నేహితురాలు ఫోన్‌లో చెప్పింది. మూకెడు నూనె అక్కర్లేదు, మంట ఉండదు, మూసిన డబ్బాలో వేడిగాలి గిరగిరా తిరిగి ముక్కల్ని వేయిస్తుంది అంది. అక్కకి ఆ రోజు పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం తమ్ముడు చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"నీకు సెలవెప్పుడు? కొట్టుకెళ్లాలి."

"ఏం కావాలో చెప్పక్కా, నేనే తెచ్చేస్తాను."

"నేను పట్టుకుని చూసుకోవాలి. వాడుకునేది నేను."

విషయం విన్నాక తమ్ముడి మొహం ఎలా మారిందో ఆమెకి కనబడలేదు. అతను ఊపిరి బిగబట్టడం మాత్రం వినబడింది. కాదంటే ఊరుకోదని అతనికి తెలుసు. సరేనన్నాడు.

కొట్లో అమ్మకాలు చూసే అమ్మాయి చలాకీగా ఎదురొచ్చింది. అక్క చేతిలో కర్ర చూసి, తమ్ముడి వైపు తిరిగి, "మేడమ్‌కి ఏం కావాలంట సార్?" అని అడిగింది.

"మేడమ్‌కి చెవులు బాగానే పనిచేస్తాయమ్మా" అంది అక్క నవ్వుతూ. "నన్నే అడుగు."

ఆ అమ్మాయి నాలిక్కరుచుకుంది. ఇక అక్కడ్నుంచి అక్కతోనే మాట్లాడింది. ముందుగా, తమ్ముడు లోపలికి రాగానే చూసి మెచ్చిన దాని దగ్గరికే తీసుకెళ్లింది. పెద్దది, ముందుభాగం అద్దం, లోపల దీపం. బయట్నుంచే తిండి కనబడుతుంది. అక్క దాని మొహమంతా తడిమింది. నున్నగా పలకలా ఉంది. వేలికి తగిలే బొడిపె ఒక్కటీ లేదు.

"మీటలేవి?"

"టచ్ మేడమ్. తాకితే చాలు."

"ఎక్కడ తాకాలో తెలియాలిగా తల్లీ. ఇది నాకు గోడతో సమానం."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, ఫోన్‌తో నడిచేది ఇంకోటి ఉందనీ, వేగడం ఎంతవరకు వచ్చిందో అదే పైకి చెబుతుందనీ అంది. "మాట్లాడ్డానికి ఇంట్లో వీడొకడున్నాడు, చాలు. ఆ ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు నేను పస్తుండాలా?" అంది అక్క. "తిప్పే మీటలున్నవి లేవా? ఒకవైపు చివరిదాకా తిప్పితే ఆగిపోవాలి. అక్కడ్నుంచి లెక్క నేను చూసుకుంటా."

"ఉంది గానీ మేడమ్, పాత మోడల్. చిన్నది. అందుకే కింది అరలో పెట్టేశాం."

"ఇంట్లో ఇద్దరమేగా. పైకి తియ్యి."

అక్క దాన్ని బల్ల మీద పెట్టించి, కూర్చుని మరీ పరీక్ష చేసింది. పై మీట వేడికి, కింది మీట సమయానికి. రెండూ ఎడమకి తిప్పితే గట్టిగా ఆగాయి. కింది మీట గడియారంలా టిక్కుటిక్కుమంటూ వెనక్కి నడిచి, చివర్లో ఖంగుమని గంట కొట్టింది. బుట్ట బయటికి లాగితే గాలి ఆగిపోయింది, లోపలికి తోస్తే మళ్లీ మొదలైంది. ఒంటిచేత్తో లాగినా డబ్బా బల్ల మీద జరగలేదు. బుట్టని పిడి నుంచి విడదీసే బొత్తానికి మూత ఉందో లేదో కూడా చూసుకుంది. పొరపాటున వేలు పడితే వేడి బుట్ట కాళ్ల మీద పడకూడదు కదా.

"అక్కా, అద్దమున్నదైతే లోపల మాడుతోందో లేదో తెలుస్తుంది కదా" అన్నాడు తమ్ముడు, చివరి ప్రయత్నంగా.

"ఎవరికి తెలుస్తుంది?"

పాత మోడలే ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రమే అక్క తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అంకెలు చదివించింది. వేడి మీట మీద నూట ఎనభై డిగ్రీల దగ్గర ఒక పప్పుబద్ద, రెండొందల దగ్గర ఒక మిరియం జిగురుతో అంటించింది. సమయం మీట చుట్టూ ఆవగింజలు. "బాగా ఆకలేసిన రోజు నేను ఈ మీటలే నాకేస్తాను" అన్నాడు తమ్ముడు. అతను అలా వేళాకోళమాడితే భయం కాస్త సర్దుకుందని ఆమె అనుకుంది. అక్కడే పొరపడింది.

మర్నాడు తమ్ముడు డ్యూటీలో ఉండగా కోడికాళ్లు తోలుతో సహా వేయించబోయింది. తొందర కొద్దీ బుట్ట నిండా కుక్కింది. గాలి తిరగడానికి చోటు లేదు. పైవి మాడాయి, కిందివి పచ్చిగా ఉండిపోయాయి. కొవ్వు కరిగి అడుగున పడి పొగ లేచింది. గంట కొట్టకముందే వాసన పసిగట్టి ఆమె బుట్ట లాగేసింది, కిటికీ తెరిచింది. ప్రమాదమేమీ జరగలేదు. కానీ అదే సమయానికి తమ్ముడు డ్యూటీ దిగి వచ్చాడు. ఇంట్లో పొగ, పొగలో అక్క. అతనికి పాత సాయంత్రం కళ్ల ముందుకొచ్చింది. గబగబా వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

తెల్లవారాక అక్క వంటింట్లోకి వెళ్లి బల్ల తడిమితే అక్కడ ఎయిర్ ఫ్రయర్ లేదు.

"ఒరేయ్, అదేది?"

"అటక మీద పెట్టాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటక్కా? నిన్న ఏమైందో చూశాంగా. నీకు తినాలనిపిస్తే చెప్పు, నేను వేయించి పెడతాను."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు. "నీ బస్సు టైరు ఓసారి నడిరోడ్డు మీద పేలింది. అందర్నీ దించి, టైరు మార్చి, మళ్లీ నడిపావు. అప్పుడు నిన్నెవరైనా ఇంట్లో కూర్చోమన్నారా?"

"అది వేరు."

"ఏం వేరు? నీకు కళ్లున్నాయి, నాకు లేవు. అంతేగా? నిన్న పొగ రాగానే బుట్ట లాగిందెవరు? కిటికీ తీసిందెవరు? నువ్వొచ్చేసరికి అంతా అయిపోయింది. నువ్వు పీకింది ఆరిపోయిన దాని ప్లగ్గు." "నాకు అన్నం పెడుతున్నావు. నీ రుణం తీర్చుకోలేను. కానీ నాకూ ఒకరికి వండి పెట్టాలని ఉంటుందిరా."

తమ్ముడు స్టూలు ఈడ్చిన చప్పుడైంది. ఎయిర్ ఫ్రయర్ మళ్లీ బల్ల మీదికి దిగింది.

"ఒక్క షరతు" అన్నాడు. "ఈసారి నేను ఇక్కడే ఉంటాను."

"ఉండు. నాదీ ఒక షరతు. నోరు మెదపకూడదు, చెయ్యి సాచకూడదు."

ఆ సాయంత్రం అక్క బంగాళాదుంపలే తీసుకుంది. వేలి మందాన కోసి, చన్నీళ్లలో నానబెట్టి, వార్చి, గుడ్డ మీద పరిచి తడి లేకుండా అద్దింది. చెంచాడు నూనె, ఉప్పు, కాస్త మిరియాల పొడి చేత్తో కలిపింది. ప్రతి ముక్కకీ నూనె పట్టిందో లేదో ఆమె వేళ్లకి తెలుసు. బుట్ట సగం దాకే వేసింది. మీట తిప్పి పప్పుబద్ద దగ్గర ఆపింది.

తమ్ముడు గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. అతని కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

మొదట గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. కాసేపటికి సన్నగా చిటపట మొదలైంది. అక్క బుట్ట లాగి, ముక్కలు ఎగరేసి కుదిపింది. మెత్తగా, బరువుగా పడిన చప్పుడు. ఇంకా కావాలి. మళ్లీ తోసింది. ఈసారి వాసన ముదిరాక లాగి కుదిపితే ముక్కలు గలగలమన్నాయి. గంట కొట్టేదాకా ఆగలేదామె. పళ్లెంలో ఒంపి తమ్ముడి ముందు పెట్టింది.

అతను ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. తర్వాత వరసగా నమిలిన చప్పుడే.

"ఎలా ఉందిరా?"

జవాబు లేదు.

"ఉప్పెక్కువైందా? పలకవేం?"

"నోరు మెదపొద్దన్నావుగా" అన్నాడు తమ్ముడు నిండిన నోటితో. ఆ గొంతులో నవ్వుందో ఏడుపుందో ఆమెకే తెలిసింది. "అక్కా, అదే రుచి. అప్పటిదే."

ఆ తర్వాత వంటిల్లు మెల్లిగా చేతులు మారింది. అన్నీ ఒక్కసారే కుదరలేదు. పిండిలో ముంచి వేసిన వంకాయ ముక్కల పిండంతా బుట్ట చిల్లుల్లోంచి కారి అడుగున అట్టు కట్టింది. ఆకులు వేస్తే గాలికి ఎగిరి పైనున్న వేడి చువ్వకి అంటుకుని మాడాయి. అలాంటివి దీనికి నప్పవని తెలుసుకుంది. చేప ముక్కలు, కాలీఫ్లవరు, వేరుశెనగలు ఆమెకి లొంగిపోయాయి. కోడికాళ్లు మళ్లీ పట్టింది. ఈసారి వాటి మధ్య వేలు దూరేంత సందు వదిలింది. ప్రతిసారీ బుట్ట చల్లారాక తనే కడిగేది. జిడ్డు మిగిలితే మర్నాడు పొగ రూపంలో పగ తీర్చుకుంటుందని చెప్పేది. తమ్ముడి డబ్బాలో ఉడికిన గుడ్లు పోయి కరకరలాడేవి చేరాయి. డిపోలో అతను డబ్బా మూత తీయగానే నలుగురు చుట్టూ మూగేవారు.

ఆ ఏడాదే బ్రేకుని కొత్త డ్రైవర్లకి నేర్పే శిక్షకుడిగా వేశారు. అన్నాళ్లూ ఎగతాళి చేసిన జాగ్రత్తే పదవి తెచ్చిపెట్టింది. విందు ఇవ్వాల్సిందేనని తోటివాళ్లు పట్టుబట్టారు. హోటల్లో ఇద్దామనుకున్నాడతను.

"హోటలెందుకు? ఇంటికి రమ్మను" అంది అక్క.

"అక్కా, మంది ఎక్కువ. ఆ బుట్ట ఇద్దరికి మించి చాలదు."

"నీ బస్సు ఊరందర్నీ ఒకేసారి ఎక్కించుకుంటుందా? ట్రిప్పులు వెయ్యదూ?"

అలా ట్రిప్పులు వేసింది. వచ్చినవాళ్లలో డిపో మెకానిక్, అతనితో పాటు కొందరు డ్రైవర్లు, తమ్ముడి బస్సులో కండక్టరమ్మ. మొదటి వాయి కోడికాళ్లు పళ్లెంలో పడీ పడగానే మాయమయ్యాయి. రెండో వాయికి జనం వంటింటి గుమ్మంలోనే కాపు కాశారు. గంట కొట్టింది. అక్క పిడి కోసం చెయ్యి చాపింది. మెకానిక్ మంచి మనసుతోనే గబుక్కున లేచాడు.

"అమ్మా, కాలుతుంది, ఆగండి, నేను తీస్తాను."

అతని భుజం మీద తమ్ముడి చెయ్యి పడింది. "కూర్చో అన్నా. ఆ బండికి డ్రైవరు ఆవిడే. నడిపేవాళ్ల చెయ్యి పట్టుకోకూడదని నీకు నేను చెప్పాలా?"

అక్క బుట్ట లాగింది. పట్టకారతో ఒక్కో ముక్కా తిప్పి, నొక్కి చూసి, పళ్లెంలోకి మార్చింది. ఒక్కటీ కింద పడలేదు. తమ్ముడు గోడకి ఆనుకోలేదు, దగ్గరికీ రాలేదు. అందరి మధ్యా కూర్చుని, రొమ్ము విరుచుకుని చూస్తున్నాడు. ఇన్నాళ్లకి అతని కుడికాలు కదలకుండా ఉంది.

"మా అక్క" అన్నాడు, వాళ్లకి తెలియనట్టు. "మీటలకి పప్పుబద్దలు అంటించింది కూడా తనే. కొట్లో వాళ్లు అద్దమున్న ఖరీదైనదే చూపించారు. నేనూ అదే కొనమన్నాను. వినలేదు."

ఆ మాట అక్క చెవిన పడింది. చూపున్న రోజుల్లో విన్న ఏ మెప్పూ ఆమెకి ఇంత ఒంటబట్టలేదు. వెనక్కి తిరిగి మూడో వాయి సర్దుకుంటూ, నవ్వుని కాసేపు తన దగ్గరే దాచుకుంది.

కండక్టరమ్మ పళ్లెం పట్టుకుని పక్కకి వచ్చింది. "అక్కా, నేనూ ఒకటి కొనాలనుకుంటున్నా. మావారు ఏకంగా పేద్దది చూపిస్తున్నారు, అద్దమూ దీపమూ ఉన్నది. మీరైతే ఏది తీసుకోమంటారు?"

అక్క బుట్ట లోపలికి తోసి, మీట తిప్పి, తడి చేతులు తుడుచుకుంది. కుర్చీ వేళ్లతో వెతికి లాక్కుని, కండక్టరమ్మకి ఎదురుగా స్థిమితంగా కూర్చుంది.

"అద్దం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు. మీ ఇంట్లో తినేవాళ్లు ఎంతమంది? వండేది ఎవరు?"