డబ్బు పడ్డాకే

కార్లకు రంగులు కొట్టే మేస్త్రి పోయిన నాలుగో నెలలో అతని భార్య ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే ఫోన్లో అమ్మకానికి పెట్టింది. ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుట్టే టైలరు. మొదట పెట్టింది మొగుడి రంగుల కంప్రెసరు. కొంటానన్నవాడు "ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి మేడం, డబ్బు మీకొచ్చేస్తుంది" అన్నాడు. కొట్టింది. రావడం మాట అటుంచి, ఖాతాలో ఉన్నది కాస్తా ఊడ్చుకుపోయింది.

ఫోన్ల షాపులో పనిచేసే మరిది తల పట్టుకున్నాడు.

"పిన్ను మనం డబ్బు పంపడానికే వదినా, పుచ్చుకోడానికి అక్కర్లేదు. ఇకమీదట ఎవడేం చెప్పినా సరే, బ్యాంకు యాప్ తెరిచి నీ బ్యాలెన్సులో పడ్డాకే వస్తువు ఇవ్వు. పంపేశామని ఫోటోలు పెడతారు, ఏడుస్తారు. కరిగిపోకు."

"ఏడుపు కూడా దొంగదేనా?"

"చావుకబుర్లే దొంగవి చెబుతున్నారు."

ఆమె ఆ మాటలు గట్టిగా మనసులో పెట్టుకుంది.

మిగిలిన పెద్ద వస్తువు ఆక్సిజన్ మెషిన్. రంగుల పొగ ఊపిరితిత్తుల్ని తినేశాక మేస్త్రి చివరి రెండేళ్లూ దాని గొట్టం ముక్కుకు తగిలించుకునే బతికాడు. అది గదిలో ఉన్నన్నాళ్లూ ఆమె అటు తిరిగి పడుకోలేకపోయింది. ప్రకటన పెట్టిన రెండు వారాల్లో తొమ్మిది మంది ఫోన్ చేశారు. ఒకడు సైన్యంలో ఉన్నానన్నాడు. ఒకడు కోడ్ పంపాడు. ఇంకొకడు "ముందు మీరే కొంచెం పంపి చూడండి, రెట్టింపు వస్తుంది" అన్నాడు. అందరినీ ఒడుపుగా వదిలించుకుంది. మరిది శభాషన్నాడు. ఆమెకూ కాస్త గర్వంగానే అనిపించింది.

పదో ఫోను సెలవురోజు మధ్యాహ్నం వచ్చింది.

"అమ్మా, మెషిన్ ఇంకా ఉందా? మా అమ్మకి పెట్టిన అద్దె మెషిన్ ఆగిపోయింది, షాపు మూసేసుంది. ఆస్పత్రికి పోదామంటే రానంటోంది, నా చెయ్యి వదలట్లేదు. వ్యాన్ డ్రైవరుని పంపిస్తా, అతనికిచ్చేయండి. డబ్బు ఇప్పుడే పంపిస్తున్నా."

బేరం కూడా ఆడలేదు. బేరమాడనివాణ్ని అసలు నమ్మొద్దని మరిది చెప్పాడు. అయినా ఆమె చిరునామా చెప్పింది. నిమిషంలో డబ్బు పంపినట్టు ఫోటో వచ్చింది. యాప్ తెరిచి చూసింది. పడలేదు. మూసి మళ్లీ తెరిచింది. లేదు.

"నా ఖాతాలోంచి పోయిందమ్మా, బ్యాంకు దగ్గరెక్కడో ఇరుక్కుంది. మీ కాళ్లు పట్టుకుంటా."

ఫోన్లో అతని వెనక ఎవరో ఊపిరి లాగుతున్నారు. లాగి, ఆగి, మళ్లీ లాగి. ఆ చప్పుడు ఆమె రెండేళ్లు పక్కన పడుకుని విన్నది. నటించేవాళ్లకి మధ్యలో అంతసేపు ఆగడం రాదని ఆమెకు తెలుసు. అయినా నోరు ఇంకో మాట అనేసింది.

"పడ్డాకే బాబూ."

డ్రైవరు వచ్చి గుమ్మం ముందు అరగంట నిలబడ్డాడు. ఆమె గొళ్లెం తీయలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని కిటికీలోంచి "పడలేదు, ఇంకా పడలేదు" అంటూనే ఉంది. చివరికి అతను ఎవరితోనో మాట్లాడి వ్యాన్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న కాలర్లు కత్తిరిస్తుంటే బ్యాంకు మెసేజ్ వచ్చింది. యాప్ తెరిచింది. మొత్తం డబ్బు పడి ఉంది. కత్తెర అక్కడే వదిలేసి ఫోన్ చేసింది.

"బాబూ, పడింది! నేనే పట్టుకొస్తా, ఎక్కడికి రమ్మంటావు?"

"వద్దమ్మా. నిన్న సాయంత్రమే అయిపోయింది."

అతనే మళ్లీ అన్నాడు. "మీరేం అనుకోకండి. ఎవరో ఏంటో తెలీకుండా ముందే డబ్బెందుకు పంపావని మా చెల్లెలు కూడా నన్నే తిట్టింది."

ఆ మాటకన్నా నాలుగు బూతులు తిట్టినా బాగుండేది. డబ్బు వెనక్కి పంపేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అతను ఫోన్ ఎత్తలేదు.

"నువ్వు చేసింది కరెక్టే వదినా," అన్నాడు మరిది. "ఎవరైనా అదే చేస్తారు."

"ఆవిడ ఊపిరి విన్నానయ్యా. నాకు తెలిసే ఇవ్వలేదు."

మెషిన్‌ని ఎవరికైనా ఊరికే ఇచ్చేయమంది. మరిది దాన్ని ఒక ఉచిత ఆస్పత్రికి మోసుకెళ్లాడు. బిల్లు లేదు, ఎవరిదో తెలీదు, నమ్మి రోగికి ఎలా పెడతామన్నారట వాళ్లు. సాయంత్రానికి మళ్లీ తెచ్చి ఆ గదిలోనే పెట్టాడు. ఆ రోజు కుట్టిన పన్నెండు చొక్కాలకీ జేబులు ఎడమవైపుకు బదులు కుడివైపు వేసింది. అవన్నీ విప్పి కుట్టడానికి మర్నాడంతా పట్టింది.